తేనెటీగల పెట్టెల్లో వైరస్: గుర్తుపట్టి, ఆపి, దాని జన్యువు చదివించే దాకా తిరుపతి, చిత్తూరు పెంపకందారులకు సమగ్ర మార్గదర్శి

డిసెంబరు చివర్లో, మామిడి పూతకు ముందు, చంద్రగిరి, పాకాల, దామలచెరువు వైపు తోటల్లోకి తేనెటీగల పెట్టెలు దిగుతాయి. కొన్ని ఊళ్ళోవే, కొన్ని బయటి నుంచి రాత్రిపూట వ్యాన్లలో వచ్చేవి. పూత రాలి పిందె కట్టేలోపు వాటిలో కొన్ని ఖాళీ అవుతాయి. ఖాళీ పెట్టె చూసి "ఎవరో మందు కొట్టినారు" అంటాం, లేకపోతే "మైనపు పురుగు పట్టింది" అంటాం. చాలాసార్లు అసలు కారణం వైరస్.

ఒక మాట ముందే చెప్పేస్తాను. తేనెటీగల వైరస్‌కు మందు లేదు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేసేది, వైరస్ మీద దాని ప్రభావం సున్నా. చక్కెర పాకంలో కలిపి పెడితే జబ్బు తగ్గదు, తేనెలో ఆనవాళ్ళు మాత్రం మిగులుతాయి. ఎవరైనా పొడి పొట్లం చేతిలో పెడితే తీసుకోకండి. మన చేతిలో ఉన్నవి మూడు పనులు. వైరస్ తిరిగే దారులు మూయడం, తట్టుకున్న ఈగలను పెంచడం, ఏ రకం వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం. ఈ మూడో పని మన జిల్లాల్లో ఇంకా సరిగ్గా మొదలు కాలేదు. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాశాను.

1. మీ పెట్టెలో ఉన్నది ఏ ఈగ?

మన దగ్గర పెట్టెల్లో పెంచేవి రెండు. ఒకటి పుట్టతేనె ఈగ, శాస్త్రంలో ఏపిస్ సెరానా ఇండికా. చెట్టు తొర్రలో, పుట్టలో, పాత గోడ సందులో పక్కపక్కన పట్లు కట్టేది. చిన్న పెట్టె చాలు. దక్షిణాదిలో వాడే న్యూటన్ పెట్టె దాని కోసమే వచ్చింది. రెండోది ఇటాలియన్ ఈగ, ఏపిస్ మెల్లిఫెరా. 1960ల్లో హిమాచల్, పంజాబ్ వైపు నిలదొక్కుకుంది, తర్వాత కిందికి వచ్చింది. పెట్టెకు రానివి కూడా రెండున్నాయి. తలకోన కొండ చరియలకు, మర్రిచెట్లకు వేలాడే పెరతేనె ఈగ ఒకటి, కంపల్లో అరచేయంత పట్టు కట్టే జుంటితేనె ఈగ ఇంకొకటి.

ఇది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే జబ్బు రెండింటిలో ఒకేలా ఉండదు. పుట్టతేనె ఈగకు పెద్ద ప్రమాదం సాక్‌బ్రూడ్ వైరస్ (పిల్లపురుగును నీళ్ళసంచిలా మార్చి చంపేది), అందులోనూ థాయ్ సాక్‌బ్రూడ్ అనే రకం. ఇటాలియన్ ఈగకు పెద్ద ప్రమాదం వరోవా అనే నల్లి, ఆ నల్లి మోసుకొచ్చే రెక్కలు ముడిచే వైరస్. దీన్ని డీడబ్ల్యూవీ అంటారు. ఇటాలియన్ ఈగల గురించి రాసిన ఇంగ్లీషు సలహాలను పుట్టతేనె పెట్టెలకు ఉన్నదున్నట్టు వాడితే నల్లికి మందులు వేస్తూ కూర్చుంటాం, లోపల పిల్లలు సాక్‌బ్రూడ్‌తో చస్తూనే ఉంటాయి.

థాయ్ సాక్‌బ్రూడ్ ఎంత చేయగలదో దక్షిణాది ఒకసారి చూసింది. 1976లో థాయ్‌లాండ్‌లో బయటపడిన ఆ జబ్బు 1991-92లో కేరళ, కర్ణాటక, తమిళనాడు పుట్టతేనె పెట్టెల్లోకి వచ్చింది. నూటికి తొంభై పెట్టెల దాకా ఊడ్చుకుపోయాయి. కేరళ పెంపకందారులు చాలామంది ఇటాలియన్ ఈగలకు మారింది ఆ దెబ్బ తర్వాతే. కుప్పానికి అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. పెట్టె ఎక్కిన వ్యాను తెల్లారేసరికి ఎక్కడికైనా చేరుతుంది.

2. వైరస్‌ను ఒక్కటిగా కాదు, గుంపుగా చూడండి

తిరుపతిలో ఎస్.వి. విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధనా సంస్థ ఉంది. అక్కడ తాళపత్రాలు భద్రంగా ఉంచుతారు. ఒకే కావ్యానికి నాలుగు ప్రతులుంటే నాలుగింటిలో చిన్న చిన్న తేడాలుంటాయి. ఒక లేఖకుడు ఒక అక్షరం జారవిడిస్తే, ఆ ప్రతి చూసి రాసిన తర్వాతి లేఖకుడు అదే తప్పును మోస్తాడు. వాటినే పాఠాంతరాలు అంటాం. తేనెటీగల వైరస్ సరిగ్గా ఇలాగే నడుస్తుంది.

ఈ వైరస్‌లలో ముఖ్యమైనవన్నీ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు, అంటే వాటి జన్యువు ఆర్‌ఎన్‌ఏ అనే రసాయనంలో అక్షరాల వరుసలా రాసి ఉంటుంది. సాక్‌బ్రూడ్ జన్యువు సుమారు 8,800 అక్షరాల పొడవు, డీడబ్ల్యూవీది 10,000 పైచిలుకు. నకలు తీసేటప్పుడు తప్పు దిద్దుకునే ఏర్పాటు వాటికి లేదు. పది వేల అక్షరాల నుంచి లక్ష అక్షరాలకు ఒకటి చొప్పున తప్పులు పడతాయని అంచనా. ఒక్క పిల్లపురుగులో కోట్ల నకళ్ళు తయారవుతాయి కాబట్టి, ఒక్క పెట్టెలోనే ఎన్నో పాఠాంతరాలు కలిసి బతుకుతుంటాయి. చాలా తప్పులు వైరస్‌కే నష్టం, అవి రాలిపోతాయి. కొన్ని మాత్రం దానికి కలిసొస్తాయి.

ఏది నెగ్గుతుంది అనేది పరిస్థితిని బట్టి ఉంటుంది. దీనికి నాకు తెలిసినంతలో హవాయి దీవులను మించిన ఉదాహరణ లేదు. అక్కడికి వరోవా నల్లి 2007లో చేరింది. నల్లి లేని దీవుల్లో డీడబ్ల్యూవీ పది పెట్టెల్లో ఒకదానిలో ఉండేది, రకాలు మాత్రం ఎన్నో. నల్లి నిలదొక్కుకున్న చోట వైరస్ దాదాపు ప్రతి పెట్టెకూ పాకింది, ఈగ ఒంట్లో దాని మోతాదు పది లక్షల రెట్లు పెరిగింది, రకాలు తగ్గి ఒకే రకం రాజ్యమేలింది. 2012లో ఈ ఫలితాలు వచ్చాయి. కొత్త వైరస్ ఎక్కడి నుంచో ఊడిపడలేదు. ఉన్న గుంపులో ఒకదానికి నల్లి దారి ఇచ్చింది. 2016లో ప్రపంచమంతటి డీడబ్ల్యూవీ నమూనాలు పోల్చి చూస్తే అది యూరప్ ఈగలతోనే (మన ఇటాలియన్ ఈగ జాతే), మనుషుల వ్యాపారం వెంట దేశదేశాలకూ పాకినట్టు తేలింది.

మన పెట్టెల విషయంలోనూ అంతే. ఒక్కో పెట్టె ఒక్కో ఊరు అనుకోండి. ప్రతి ఊరికీ తనదైన వైరస్ గుంపు ఉంటుంది, ఆ ఊరి ఈగలు దానితో ఎంతో కొంత సర్దుకుని ఉంటాయి. మనం ఒక పెట్టెలోని పిల్లపట్టు తీసి ఇంకో పెట్టెలో పెట్టిన ప్రతిసారీ రెండు గుంపులు కలుస్తాయి. కలిసినప్పుడు ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుని కొత్త రకం పుట్టే అవకాశం కూడా ఉంది. డీడబ్ల్యూవీలో ఏ, బీ అనే రెండు రకాల మధ్య ఇలాంటి అతుకులు చాలాసార్లు దొరికాయి.

3. పెట్టె తెరిచి చూడటం

ఉదయం తొమ్మిది, పది మధ్య, ఎండ ఉన్న రోజు చూసుకోండి. పొగ తక్కువగా వాడండి. పుట్టతేనె ఈగ పొగ ఎక్కువైతే పట్టు వదిలి మూలకు పరుగెడుతుంది, రాణి ఎక్కడుందో కనబడదు.

పిల్లల గదిలోంచి ఒక చట్రం పైకి తీసి, వీపు సూర్యుడి వైపు పెట్టి నిలబడి, ఎండ మీ భుజం మీదుగా గదుల అడుగుదాకా పడేలా వంచండి. ఆరోగ్యంగా ఉన్న పట్టులో మూతలు వరుసగా, మట్టిరంగులో, కొంచెం ఉబ్బి ఉంటాయి. జబ్బు పట్టులో మూతలు అక్కడక్కడ చిరిగి, చిల్లులు పడి, మధ్యమధ్య ఖాళీ గదులతో చింపిరిగా కనిపిస్తుంది. పుట్టతేనె పెట్టెలో థాయ్ సాక్‌బ్రూడ్ ఉంటే మూతలు తీసేసి ఉన్న గదుల్లో పిల్లపురుగులు పొడవునా చాచుకుని, తల పైకెత్తి ఉంటాయి. మొనదేలిన పడవ ముందుభాగం ఎలా పైకి లేస్తుందో అలా.

ఇప్పుడు ఒక అగ్గిపుల్లో, సన్నటి చిమటానో తీసుకుని అలాంటి పురుగును తల దగ్గర పట్టి మెల్లగా పైకి లాగండి. ఇక్కడ తొందరపడితే పగిలిపోతుంది. సాక్‌బ్రూడ్ అయితే పురుగు చిట్లకుండా మొత్తంగా వచ్చేస్తుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చర్మానికీ లోపలి ఒంటికీ మధ్య నీరు నిండి, చిన్న నీళ్ళసంచి వేలాడుతున్నట్టు ఉంటుంది. చివరి చర్మం విడవలేకపోవడం వల్ల ఆ నీరు అక్కడ చేరుతుంది. మొదట ముత్యం రంగు, తర్వాత లేత పసుపు, ఆ తర్వాత తల నుంచి మొదలై గోధుమరంగు, నలుపు. ఎండిపోయాక పడవ ఆకారంలో పెళుసు పెంకు మిగులుతుంది, గోటితో గీకితే సులువుగా ఊడి వస్తుంది. ఆ సంచిలోని నీటి బొట్టు వేల పిల్లపురుగులకు అంటించేంత వైరస్‌ను మోస్తుంది. అందుకే లాగిన పురుగును కింద పారేయకండి. సబ్బునీళ్ళ డబ్బా పక్కన పెట్టుకుని అందులో వేయండి.

బ్యాక్టీరియా వల్ల వచ్చే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్‌ను కూడా ఇదే పుల్లతో విడదీయవచ్చు. దానిలో పురుగు కుళ్ళి జిగురవుతుంది, పుల్ల గుచ్చి లాగితే బంకలా తీగ సాగుతుంది, చెడ్డ వాసన కొడుతుంది. సాక్‌బ్రూడ్‌లో తీగ సాగదు. 1913లో అమెరికాలో జి.ఎఫ్. వైట్ ఈ జబ్బుకు సాక్‌బ్రూడ్ అని పేరు పెట్టి, దాని కారకం బ్యాక్టీరియాను ఆపే వడపోతల్లోంచి కూడా జారిపోతుందని చూపించాడు.

ఇటాలియన్ పెట్టెలో వెతకాల్సినవి వేరు. అడుగు పలక మీద, పెట్టె ముందు నేల మీద పాకుతున్న చిన్న ఈగలను చూడండి. రెక్కలు నలిగిన కాగితంలా ముడుచుకుని, పొట్ట కురచగా ఉంటే అది డీడబ్ల్యూవీ. ఒళ్ళంతా నూగు రాలి నల్లగా, నూనె పూసినట్టు మెరుస్తూ వణికే పెద్ద ఈగలు కనిపిస్తే పక్షవాతం వైరస్. రాణి గదుల గోడలు లోపల నల్లబడితే బ్లాక్ క్వీన్ సెల్ వైరస్. మొదటిసారి 1977లో కశ్మీర్ నుంచి వెళ్ళిన పుట్టతేనె ఈగల్లో దొరికినందుకు కశ్మీర్ బీ వైరస్ అని పేరుపడ్డదీ ఒకటుంది, దానికి కంటికి కనిపించే ప్రత్యేక గుర్తు లేదు.

పెట్టె మూసే ముందు రాసుకోండి: తేదీ, పెట్టె నంబరు, ఎన్ని చట్రాల పిల్లలు, ఎన్ని చచ్చిన పురుగులు. నోటుపుస్తకం తేనె అంటి పాడవుతుందని ఫోన్‌లో ఫొటో తీసుకుని ఊరుకుంటారు చాలామంది. ఆరు నెలల తర్వాత ఆ ఫొటో ఏ పెట్టెదో ఎవరికీ గుర్తుండదు.

4. పురుగుమందా, మైనపు పురుగా, వైరసా?

మామిడిలో తేనెమంచు పురుగుకు పూత మీదే మందు కొట్టేవాళ్ళున్నారు. అలా పోయిన ఈగలు పెట్టె ముందు కుప్పలుగా, నాలుక బయటికి చాచి పడి ఉంటాయి. లోపల పిల్లలు ఆ రోజుకు బాగానే ఉంటాయి. సాక్‌బ్రూడ్ దీనికి తిరగబడి ఉంటుంది. పెద్ద ఈగలు మామూలుగానే తిరుగుతుంటాయి, పిల్లలు చస్తుంటాయి, తర్వాత గుంపు తగ్గుతుంది, ఒకరోజు మిగిలినవి పెట్టె వదిలి లేచిపోతాయి. రెండూ ఒకేసారి ఉండటం కూడా మామూలే. నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందులు కొన్ని ఈగల రోగనిరోధక శక్తిని తగ్గించి డీడబ్ల్యూవీ పెరగడానికి దారిస్తాయని ప్రయోగాల్లో తేలింది. తోట యజమానితో మాట్లాడి పూత నిండుగా ఉన్న రోజుల్లో మందు ఆపించడం వైరస్ పనిలో కూడా భాగమే.

మైనపు పురుగు సంగతి వేరు. పోయినేడాది మా మండలంలో ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నాలుగు పెట్టెలకు మైనపు పురుగు పట్టేసింది, ఏమైనా మందు చెప్పు." వెళ్ళి చూస్తే పట్టంతా బూజుగూళ్ళు. అడుగున మాత్రం ఎండిన పడవ పెంకులు గుప్పెడు ఉన్నాయి. "పిల్లలు ముందు పోయినాయి తమ్ముడూ, కాపలా లేని ఇంట్లోకి పురుగు తర్వాత వచ్చింది" అన్నాను. బలమైన గుంపు మైనపు పురుగును బతకనివ్వదు. అది కనిపిస్తే దానికి ముందు ఏం జరిగిందో వెతకండి.

5. దారులు మూయడం

వైరస్ పెట్టె లోపల నోటి ద్వారా తిరుగుతుంది. చచ్చిన పురుగును శుభ్రం చేసే యువ ఈగకు అంటుతుంది, దాని తలలోని ఆహార గ్రంథుల్లోకి చేరుతుంది, అది తినిపించిన పిల్లలకు వెళుతుంది. రెండు రోజుల వయసు పిల్లలు అన్నిటికంటే సులువుగా చిక్కుతాయి. పుప్పొడిలో, మలంలో కూడా ఉంటుంది. రాణి నుంచి గుడ్డుకు, పోతుటీగ వీర్యం నుంచి రాణికి వెళ్ళే దారులున్నాయి. పెట్టె నుంచి పెట్టెకు దారి తప్పిన ఈగలు, దొంగతనానికి వచ్చిన ఈగలు, ఒకే పువ్వు మీద వాలిన వేరే జాతుల ఈగలు మోస్తాయి. వీటన్నిటికంటే ఎక్కువగా మోసేది మన చేయి. చాలా రాతల్లో ఆ మాట చివర్లో ఒక వాక్యంగా ఉంటుంది, నేను ముందు పెడతాను.

నాకు ఇది నష్టపోయి తెలిసింది. ఒక ఏడాది పూతకు ముందు బలహీనంగా ఉన్న రెండు పెట్టెలకు బలమైన పెట్టెల నుంచి పిల్లపట్లు ఇచ్చి, వాటి పట్లను ఇటు మార్చి అన్నిటినీ సమానం చేశాను. పుస్తకంలో ఉన్న పనే. బలహీనపడటానికి కారణం ఏమిటో అగ్గిపుల్ల పెట్టి చూడలేదు. మార్చి నెలాఖరుకు పదకొండు పుట్టతేనె పెట్టెల్లో ఏడు పోయాయి. బయటి నుంచి ఏ జబ్బూ రాలేదు, నా చేత్తో నేనే పంచాను.

అందుకని ఇప్పుడు నేను పాటించేవి చెబుతాను. ఏ పెట్టె చట్రం ఆ పెట్టెకే, చట్రం చెక్క మీద పెట్టె నంబరు కాల్చి రాసి ఉంటుంది. పెట్టెలు చూసేటప్పుడు బాగున్నవి ముందు, అనుమానం ఉన్నవి చివర. ఒక పెట్టె అయ్యాక ఇనుప పనిముట్టును స్పిరిట్ దీపం మీద కాల్చి తుడుస్తాను. చేతులు సబ్బుతో. జబ్బు పెట్టె నుంచి తేనె తీసి వేరే ఈగలకు తినిపించను, చక్కెర పాకమే. పాకం పెట్టేటప్పుడు సాయంత్రం, బయట చుక్క కూడా పడకుండా పెట్టాలి, పడితే దొంగతనం మొదలవుతుంది. పెట్టెలను వరుసగా ఒకే రంగులో పెట్టకుండా వాకిళ్ళు వేర్వేరు దిక్కులకు తిప్పి, మధ్యలో ఒక్కో రంగు పూస్తే దారి తప్పడం తగ్గుతుంది. కొత్తగా కొన్న పెట్టెనో, చెట్టు తొర్ర నుంచి పట్టిన దండునో కనీసం ఒక పిల్లల తరం పూర్తయ్యేదాకా, అంటే మూడు నాలుగు వారాలు, మిగతావాటికి దూరంగా ఉంచండి. కిలోమీటరు పైన అయితే మంచిది. అంత చోటు లేకపోతే తెలిసినవాళ్ళ పొలంలో పెట్టమని అడగండి. పుట్టతేనె పెట్టెల పక్కన ఇటాలియన్ పెట్టెలు పెట్టకండి. రెండు జాతుల సాక్‌బ్రూడ్ రకాలు వేర్వేరు కొమ్మలుగా కనిపిస్తున్నా, పక్కపక్కన ఉన్నప్పుడు అటూ ఇటూ దాటుతాయి.

6. గుడ్లు ఆపడం

పుట్టతేనె పెట్టెలో సాక్‌బ్రూడ్ తేలిన వెంటనే చేయగలిగిన గట్టి పని ఇదే. వైరస్‌కు కావలసింది లేత పిల్లలు. అవి కొన్నాళ్ళు లేకుండా చేస్తే గొలుసు తెగుతుంది.

రాణిని పట్టి క్వీన్ కేజ్‌లో (రాణిని బంధించే చిన్న పంజరంలో) పెట్టి మధ్య చట్రాల నడుమ వేలాడదీయండి. పది నుంచి పద్నాలుగు రోజులు. ఈలోపు బాగా చెడిన పిల్లపట్లను కోసి తీసి కరిగించేయండి, మైనం వస్తుంది. ఈగలను తక్కువ చట్రాల మీదకు కుదించండి, గుంపు చిక్కగా ఉంటే శుభ్రం చేసే పని వేగంగా సాగుతుంది. వైరస్ అంటిన యువ ఈగలు పుప్పొడి తినడం తగ్గించి, వయసుకు ముందే బయటి పనికి వెళ్ళిపోతాయి. రాణి బయటికి వచ్చి గుడ్డు పెట్టే నాటికి తినిపించే పని కొత్త ఈగలది అవుతుంది. అడుగు పలక తీసి, గీకి, చాకలి సోడా వేసిన వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టండి. మన మార్చి ఎండ ఇందుకు బాగా పనికొస్తుంది. రాణిని విడిచాక మూడో వారంలో మళ్ళీ అగ్గిపుల్ల పరీక్ష. మళ్ళీ సంచులు కనిపిస్తే ఆ రాణిని మార్చడం మంచిది. వేరే పెట్టెలో జబ్బును తట్టుకున్న రాణి పిల్ల అయితే ఇంకా మంచిది.

పిల్లల్లో సగానికి పైగా పోయిన పెట్టెను కాపాడాలని నెలల తరబడి తంటాలు పడకండి. అది మిగతావాటికి వైరస్ పంచే గింజ అవుతుంది. సాయంత్రం ఈగలన్నీ లోపలికి చేరాక వాకిలి మూసి, ఆ గుంపును అంతం చేయాలి. ఇది చేయడానికి మనసు రాదు, నాకూ రాలేదు.

7. ఇటాలియన్ పెట్టెలకు: నల్లి లెక్క

వరోవా పుట్టిల్లు ఆసియా, దాని మొదటి ఇల్లు పుట్టతేనె ఈగే. మన ఈగ దానితో వేల ఏళ్ళుగా సర్దుకుంది. నల్లి పోతుటీగల గదుల్లోనే పిల్లలు పెడుతుంది, కూలి ఈగలు దాన్ని ఏరి పారేస్తాయి. ఇటాలియన్ ఈగకు ఆ అలవాటు అంతగా లేదు, నల్లి కూలి ఈగల గదుల్లోనూ పెరుగుతుంది. అది రక్తం పీలుస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఎక్కువగా తినేది ఈగ ఒంట్లోని కొవ్వు కణజాలాన్ని అని 2019లో ఒక పరిశోధన చూపించింది. ఈగ రోగనిరోధక శక్తిలో ఆ కణజాలానిది పెద్ద పాత్ర. నల్లి దాన్ని తింటూ అదే గాయంలోంచి డీడబ్ల్యూవీని నేరుగా ఒంట్లోకి ఎక్కిస్తుంది.

లెక్క ఇలా. మూతకు సన్నటి జాలీ బిగించిన గాజు సీసా తీసుకోండి. పిల్లపట్టు మీద రాణి లేదని రెండుసార్లు చూసుకుని, అరకప్పు ఈగలను సీసాలోకి దులపండి. సుమారు 300 ఉంటాయి. రెండు పెద్ద చెంచాల మెత్తటి చక్కెర పొడి జాలీలోంచి వేసి నిమిషం పాటు మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలు నీడలో పెట్టండి. తర్వాత సీసాను తలకిందులు చేసి తెల్లటి పళ్ళెంలో కుదిపి, చుక్క నీళ్ళు పోస్తే చక్కెర కరిగి ఎర్రటి గింజల్లా నల్లులు మిగులుతాయి. వాటి సంఖ్యను మూడుతో భాగిస్తే నూరు ఈగలకు ఎన్నో తెలుస్తుంది. నూటికి రెండు మూడు దాటితే పని మొదలుపెట్టాలి. ఈగలు బతికే ఉంటాయి, వాటిని పెట్టె ముందు వదిలేయండి, మిగతావి నాకి శుభ్రం చేసుకుంటాయి.

పెరతేనె ఈగ నుంచి వచ్చిన ట్రోపిలేలాప్స్ అనే ఇంకో సన్నటి నల్లి కూడా ఉంది. పట్టు మీద చకచకా పరుగెడుతుంది. పెద్ద ఈగల మీద తిని బతకలేదు, పిల్లలు లేకపోతే కొద్ది రోజుల్లో చస్తుంది. ఆరో మెట్టులో చెప్పిన గుడ్లు ఆపే పద్ధతి దీనికీ పనిచేస్తుంది.

8. నమూనా తీయడం

జన్యువు చదివించాలంటే నమూనా సరిగ్గా ఉండాలి. ఆర్‌ఎన్‌ఏ ఎండకు, వేడికి గంటల్లో ముక్కలవుతుంది. పెట్టె ముందు రెండు రోజులుగా ఎండలో పడున్న చచ్చిన ఈగలను పొట్లం కట్టి పంపితే ఎవరికీ ఉపయోగం లేదు.

సాక్‌బ్రూడ్‌కు ముత్యం రంగులోనో, లేత పసుపులోనో ఉన్న తాజా పురుగులు కావాలి, నల్లబడినవి వద్దు. ఒక్కో పెట్టె నుంచి పది, వేర్వేరు పట్ల మీద నుంచి. వాటితో పాటు జబ్బు గుర్తు ఏమీ లేని పట్టు నుంచి ఐదు. ఈ ఐదూ చాలామంది వదిలేస్తారు. పోల్చడానికి అవి లేకపోతే వైరస్ ఉంది అని మాత్రమే తెలుస్తుంది, జబ్బుకు అదే కారణమా అనేది తెలియదు. ప్రతి పురుగుకూ కొత్త టూత్‌పిక్, విడి గొట్టం. అన్ని పెట్టెల పురుగులూ ఒకే సీసాలో కలిపితే పాఠాంతరాలన్నీ గందరగోళమై ఏది ఎవరిదో తేలదు.

చల్లబరచడం అసలు సమస్య. ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రావణం ఉన్న గొట్టాలు ప్రయోగశాల ఇస్తే సులువు, ఐస్ డబ్బాలో పెట్టి తీసుకెళ్ళవచ్చు. లేకపోతే మన జిల్లాలో ఒక వీలుంది. పాడి ఎక్కువ కాబట్టి ఆవులకు ఎద సూదులు వేసే కేంద్రాల్లో ద్రవ నైట్రోజన్ డబ్బాలుంటాయి. ముందుగా అడిగి, వాళ్ళ చేతనే గొట్టాలను అందులో దింపించండి. చేత్తో ముట్టకండి, చర్మం కాలిపోతుంది. మామూలు ఫ్రిజ్ పై అరలో పెట్టడం రెండు రోజులకు మించి పనికిరాదు.

గొట్టం మీద పెన్సిల్‌తో రాయండి, స్పిరిట్ తగిలితే పెన్ను చెరిగిపోతుంది. ఈగ జాతి, ఊరు, మండలం, పెట్టె నంబరు, తేదీ, పెట్టె ఎక్కడి నుంచి కొన్నది. ఆఖరిది తప్పనిసరి, పాకిన దారి దానితోనే తెలుస్తుంది. నమూనా ఎక్కడ ఇవ్వాలో తెలియకపోతే తిరుపతి ఎస్.వి. వ్యవసాయ కళాశాల కీటకశాస్త్ర విభాగంలో మొదట అడగండి. ముందు ఫోన్ చేసి, తీసుకుంటామన్నాకే పట్టుకెళ్ళండి.

9. వచ్చిన ఫలితం చదవడం

మొదట ఆర్‌టీ-పీసీఆర్ చేస్తారు. కోవిడ్ పుణ్యమా అని ఆ పేరు అందరికీ తెలిసిందే. అది వైరస్ ఉందా లేదా అని చెబుతుంది. "ఉంది" అన్నంత మాత్రాన జబ్బు కాదు. ఈగ తిన్న పుప్పొడిలో ఉన్న వైరస్ కూడా పాజిటివ్ చూపిస్తుంది. నిజంగా ఈగ ఒంట్లో పెరుగుతోందా అంటే రుణపోగు (నెగటివ్ స్ట్రాండ్) పరీక్ష అడగండి. ఈ వైరస్‌లు ధనపోగు (పాజిటివ్ స్ట్రాండ్) రకం, నకలు తీసుకునేటప్పుడు మాత్రమే రుణపోగు తయారవుతుంది. అది దొరికితే అక్కడ పెరుగుతున్నట్టే.

తర్వాత అక్షరాల వరుస వస్తుంది. మామూలు పద్ధతిలో గుంపులో ఎక్కువగా ఉన్న రకం ఒక్కటే చదవబడుతుంది. ఫలితపు గ్రాఫులో అక్కడక్కడ ఒకే అక్షరం చోట రెండు శిఖరాలు కనిపిస్తే తప్పు అని కొట్టేయకండి, రెండు రకాలు కలిసి ఉన్న గుర్తు కావచ్చు. మొత్తం గుంపును చూడాలంటే కొత్త తరం సీక్వెన్సింగ్ చేయాలి, ఖర్చు ఎక్కువ. పది పెట్టెలకు మామూలుది, రెండు పెట్టెలకు కొత్తది చేయించమని నా సలహా.

ఆ వరుసను జెన్‌బ్యాంక్‌లో (జన్యు వరుసలు దాచే అంతర్జాతీయ భాండాగారంలో) ఉన్న పాత వరుసలతో పోల్చి వంశవృక్షం గీస్తారు. తాళపత్రాల పరిష్కర్త చేసే పనే ఇది. ఒకే తప్పును పంచుకున్న ప్రతులు ఒకే మూలం నుంచి వచ్చినవని అతను తేలుస్తాడు. పలమనేరు పెట్టెలోని వైరస్ పక్క ఊరి పెట్టెకు కాకుండా దూరపు జిల్లా నమూనాకు దగ్గర కొమ్మ మీద కూర్చుంటే, అది ఈగ రెక్కల మీద కాకుండా వ్యాను మీద వచ్చి ఉండవచ్చు. పెట్టె కొన్న చోటు కూడా అదే అయితే అనుమానం బలపడుతుంది. చూసుకోవాల్సినవి రెండు. కొమ్మ దగ్గర రాసిన బూట్‌స్ట్రాప్ అంకె (ఆ కొమ్మను నూటికి ఎంత నమ్మవచ్చో చెప్పేది) 70 కంటే తక్కువైతే ఆ కొమ్మ మీద కథ కట్టకండి. అన్ని నమూనాలకూ జన్యువులో ఒకే భాగం చదివారా అడగండి. అతుకు పడిన వైరస్ అయితే ఒక భాగం ఒక వంశాన్ని, ఇంకో భాగం ఇంకో వంశాన్ని చూపిస్తుంది.

ఫలితం జెన్‌బ్యాంక్‌లో పెట్టమని, ఊరు పేరుతో సహా పెట్టమని ప్రయోగశాలను అడగండి. ఇండియా అని మాత్రమే రాసి ఊరు రాయని వరుస దారి వెతికేవాళ్ళకు సగం పనికే వస్తుంది.

10. తట్టుకున్న పెట్టెను పెంచడం

1991 తర్వాత దక్షిణాదిలో పుట్టతేనె ఈగ పూర్తిగా పోలేదు. చెట్టు తొర్రల్లో, అడవుల్లో తట్టుకున్నవి మిగిలాయి, వాటి నుంచే మళ్ళీ పెరిగాయి. మీ పది పెట్టెల్లో జబ్బు మధ్యలో ఉండి కూడా పిల్లపట్టు నిండుగా ఉన్నది ఒకటో రెండో ఉంటాయి. తేనె తక్కువ ఇచ్చినా విభజన (ఒక గుంపును రెండు పెట్టెలుగా విడగొట్టడం) చేయాల్సింది వాటినే. చచ్చిన పిల్లలను ఎంత త్వరగా తీసేస్తున్నాయో చూడటానికి, మూత వేసిన యాభై గదుల్లో పిల్లలను సూదితో పొడిచి, మరుసటి రోజు ఎన్ని శుభ్రం చేశాయో లెక్కపెట్టండి. ఎక్కువ శుభ్రం చేసిన పెట్టె రాణి పిల్లలే కావాలి.

అయితే రాణి గాలిలో ఎన్నో పోతుటీగలతో జతకడుతుంది, అవి చుట్టుపక్కల పెట్టెలవీ, తొర్రలవీ. మీరొక్కరే మంచి రాణిని ఎంచుకుంటే సగం పనే. పక్క పొలంలో పెట్టెలున్నవాళ్ళతో కూర్చుని, ఈ ఏడాది ఏ పెట్టెల నుంచి విభజన చేస్తున్నామో ఒక మాట అనుకోండి. అడవిలో తేనె తీసే యానాది పెద్దలతోనూ మాట్లాడండి. ఏ తొర్రలో ఏళ్ళ తరబడి పట్టు ఖాళీ కాకుండా ఉందో వాళ్ళకు తెలుసు. ఆ తొర్రను కదిలించకుండా ఉంచితే చాలు, దాని పోతుటీగలు మీ రాణుల దగ్గరికి వాటంతట అవే వస్తాయి.

విభజనకు మన దగ్గర అనువైన కాలం జనవరి చివరి నుంచి మార్చి దాకా. మామిడి, ఆ వెనకే నేరేడు, వేప, కానుగ వరుసగా పూస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య వానల్లో ఈగలు బయటికి వెళ్ళలేక, పుప్పొడి అందక డీలా పడతాయి. దాగిన వైరస్ ఎక్కువగా తల ఎత్తేది ఆ తర్వాతే. కాబట్టి వానలు వెలిసిన మొదటి ఎండ రోజున, పూతకు పెట్టెలు తరలించే ఆలోచన చేయకముందే, ప్రతి పెట్టెలోనూ పిల్లల గది నడిమి చట్రం ఎత్తి అగ్గిపుల్లతో చూడండి.